చేతి మీది నంబరు

మోగాలి. మోగకూడదు. పొద్దున్నుంచీ ఈ రెండే నా బుర్రలో తిరుగుతున్నాయి. ఎదురుగా కుట్టుమిషను బల్ల మీద, దారపుండలకీ కత్తెరకీ మధ్య ఒక ఫోను వెల్లకిలా పడుకుని ఉంది. అది కుసుమకుమారి గారిది. నా ఒళ్లో ఇంకో ఫోను ఉంది, అది నాది. నా ఒళ్లోది మోగితే నా మొగుడు, మా బావ, బతికుండి మాట్లాడుతున్నాడని అర్థం. బల్ల మీదది మోగితే బావ మాట్లాడలేని స్థితిలో ఉన్నాడని, ఎవరో పరాయివాళ్లు అతని చెయ్యి తిప్పి చూసి, దాని మీద పచ్చబొట్టు పొడిపించుకున్న పది అంకెలూ ఒక్కొక్కటే నొక్కుతున్నారని అర్థం. ఆ పది అంకెలూ ఎనిమిదేళ్లు నా నంబరు. ఇప్పుడు ఆ నంబరు ఈవిడది. అందుకే నౌపడలో పాసింజరు ఎక్కి, విజయనగరంలో దిగి, కోట వెనక సందుల్లో దారి అడుగుతూ వచ్చి, ఎన్నడూ మొహం చూడని మనిషి ఇంట్లో ముక్కాలిపీట మీద కూర్చున్నాను. మోగకూడదని మొక్కుకుంటున్నాను. మోగితే మాత్రం పక్కనే ఉండాలి.

తెల్లవారగానే గుజరాత్‌లోని వెరావల్ రేవు నుంచి గంగులు ఫోన్ చేశాడు. మా జాలరిపేట వాడే, బావ పనిచేసే బోటుకి పక్క బోటులో ఉంటాడు. "వదినా, గాబరా పడకు" అన్నాడు. ఆ మాటతో మొదలుపెట్టిన మనిషి మంచి కబురు చెప్పగా నేనెప్పుడూ వినలేదు. ఆరు రోజుల కిందట గాలి లేచిందట. బావ ఎక్కిన బోటు బోల్తాపడి దొరికిందట. ఏడుగురిలో నలుగుర్ని వేరే బోటువాళ్లు తెచ్చి రేవులో దింపారట. మిగిలిన ముగ్గురి సంగతి తెలియదట. "ఏరే రాష్ట్రం బోట్లు కూడా అక్కడే తిరగతన్నాయి వదినా. ఎవులో ఒకలు ఎత్తుకునుంతారు. ఏ రేవులో దింపుతారో ఏటో, నాను సూస్తన్నాను గదా" అన్నాడు. బావ ఫోను ఆరు రోజులుగా స్విచాఫే. వేటకి పోతే అది మామూలే కదా అని నేను చింతపండు నానబెట్టుకుంటూ, పక్కింటి జగ్గమ్మతో పరాచికాలాడుకుంటూ ఆ ఆరు రోజులూ గడిపేశాను. ఆ నవ్వులన్నీ ఇప్పుడు గుర్తొచ్చి ఒళ్లు మండిపోతోంది.

గంగులు ఫోను పెట్టేయగానే నాకు గుర్తొచ్చింది బావ మొహం కాదు, అతని కుడి చెయ్యి. మోచేతికీ మణికట్టుకీ మధ్య ఆకుపచ్చగా "రేఖ" అని, దాని కింద పది అంకెలు. వెంటనే ఆ పాత నంబరుకి కొట్టాను. మోగింది, కట్టయింది. మళ్లీ కొట్టాను. మళ్లీ కట్టయింది. నా నంబరుకి నేనే ఫోన్ చేసి నాలుగుసార్లు కట్ చేయించుకున్నాను. కుసుమకుమారి గారు ఎప్పుడో మాటల్లో, కోట వెనక సందులో జాకెట్లు కుడతానని చెప్పిన ఒక్క ముక్క పట్టుకుని రైలెక్కాను. దారి పొడుగునా కిటికీలోంచి టవర్లు కనిపిస్తుంటే ఒక్కోదాన్నీ తిట్టుకున్నాను. వచ్చి గుమ్మంలో నిలబడి నా పేరు చెబితే ఈవిడ కళ్లజోడు పైకి ఎత్తి, "నువ్వా రేఖంటే? గొంతుని బట్టి లావుగా ఉంటావనుకున్నాను" అంది. తరవాత సంగతి విని, ఫోను తెచ్చి బల్ల మీద పెట్టి, గ్లాసుతో మంచినీళ్లిచ్చింది. అప్పటికి నాలుగు గంటలు కావస్తోంది.

ఆ గ్లాసు ఇంకా నిండుగానే ఉంది. ఆవిడ మిషను తొక్కుతోంది. టకటకటక. ఆ చప్పుడులో ఫోను వినిపించదేమోనని నాకు భయం, మిషను ఆపేస్తే వచ్చే నిశ్శబ్దం ఇంకా భయం. గోడకి ఉన్న గడియారం చిలకాకుపచ్చ రంగుది. ఆ రంగు చూస్తే నాకు ఇప్పటికీ మిలాప్ కంపెనీయే గుర్తొస్తుంది. మిలాప్ మొబైల్. దేశమంతా ఒకటే రంగు, ఒకటే పాట, టీవీలో గొడుగు కింద ఒకే ఫోనులో మాట్లాడుకునే ఆడపిల్లా మగపిల్లాడూ. మా పేటలో మొదటి బోర్డు నాదే. రేఖా సెల్ పాయింట్ అని తెలుగులో, కంపెనీ పేరు హిందీలో. నరసింగరావని టెక్కలి నుంచి కంపెనీ మనిషి స్కూటరు మీద వచ్చేవాడు. సంచీలో సిమ్ములు, చంకలో దరఖాస్తుల కట్ట. పదో తరగతి తప్పిన నాకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చని మొదట కనిపెట్టింది అతనే. పేటలో ప్రతి ఇంటికీ వెళ్లి, ఫొటో అడిగి, లేనివాళ్లకి పెళ్లి ఫొటోలోంచి కత్తిరించి, అంటించి, వేలిముద్ర వేయించి, సిమ్ము వేశాను. టవరు లేచిన రోజున మగాళ్లందరూ తెప్పలేసుకుని సముద్రంలోకి పోయి, ఎంత దూరం దాకా వినిపిస్తుందో చూడాలని అక్కణ్ణుంచి పెళ్లాలకి ఫోన్లు చేశారు. ఒడ్డు మీద నిలబడిన ఆడవాళ్లు మొగుళ్లు కంటికి కనిపిస్తున్నా ఫోనులోనే తిట్టారు. నేను ఆ రోజు గర్వంతో అన్నం తినలేదు. సముద్రం మీదికి మాట పంపింది నేనే అనుకున్నాను, ఆ టవరు నేనే కట్టినట్టు.

ఫోను మోగింది. బల్ల మీదది. కుసుమకుమారి గారు ఒక చేత్తో చక్రం ఆపి తీసింది. "ఆఁ, హుక్కులే మిగిలాయి, రేపు సాయంత్రం రా" అని పెట్టేసి, నా వైపు చూసి, "జాకెట్టు కోసమమ్మా" అంది, తప్పు చేసినదానిలా. ఫర్వాలేదన్నట్టు తలూపాను. చీర కొంగు చివర ముడి వేశాను, విప్పాను, మళ్లీ వేశాను.

చేతి మీద నంబరు పొడిపించుకోవడం మా పేటలో మొదలైంది జగ్గమ్మ కొడుకు పోయినప్పటి నుంచి. వాడు గుజరాత్ బోటు మీంచి పడ్డాడు. వారం తరవాత ఎక్కడో ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. జేబులో కాగితం నానిపోయింది, ఫోను పోయింది, వాడు ఎవరో అక్కడివాళ్లకి తెలియలేదు. ఊరూ పేరూ లేకుండా పూడ్చేశారు. జగ్గమ్మకి ఆ సంగతి రెండు నెలలకి తెలిసింది. ఆ ఏడు జాతరలో పచ్చబొట్టు మిషనువాడి ముందు మా మగాళ్లందరూ వరసకట్టారు. నీళ్లలో నానినా పోనిది ఒంటి తోలు ఒక్కటేనని అందరికీ తెలిసొచ్చింది. కాగితం మీద అంకెలు నేను రాసిచ్చాను, ఒక్కొక్కరికీ రెండుసార్లు సరిచూసి. బావ చివర్న కూర్చున్నాడు. సూది దిగుతుంటే పళ్లు బిగపట్టి, "పేరు కూడా రాయించనా? అక్కడోలు నీకు ఫోన్ సేసి, ఎవులమ్మా నువ్వంటే సెప్పుకోలేక సస్తావు" అని నవ్వాడు. ఒక మాట కూడా అన్నాడు, అదే ఇప్పుడు నన్ను కాల్చుకు తింటోంది. "ఇది నా కోసం గాదే. నాను మాటాడగలిగితే నానే సేస్తాను గదా. మాటాడనేని రోజుకి ఇది." పేటలో అప్పటి నుంచి అదే లెక్క. మనిషి బాగుంటే మనిషే చేస్తాడు. చేతి మీద నంబరుకి పరాయి గొంతు వచ్చిందంటే కూలబడిపోవడమే.

మళ్లీ మోగింది. ఈసారి ఎవరో ఆడమనిషి, రికార్డు చేసిన గొంతు, ఏదో బీమా గురించి తియ్యగా చదువుతోంది. కుసుమకుమారి గారు కట్ చేసింది. ఉన్నట్టుండి మిషను వదిలేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, "రేఖా, నీకొక మాట సెప్పాలి, తిట్టకు" అంది. ఈవిడ పట్నం మాట కంగారులో పల్లె మాటయిపోయింది. "పొద్దున్న నువ్వు సేసే ముందు ఒకడు సేసాడమ్మా. రెండుపాళ్లు. హిందీ. పోలీసులమనీ, నీ పేరున పార్సిలొచ్చిందనీ భయపెడతన్నారు గదా ఇప్పుడు. అలాటోడే అనుకున్నాను. ఆ నంబరు బ్లాక్ సేసేసాను. ఆ దడతోనే, తరవాత నువ్వు సేసినా పేరు సూడకుండా కట్ సేసేసాను."

తిట్టలేదు. ఆవిడ చేతిలోంచి ఫోను లాక్కున్నానేమో కూడా, సరిగ్గా గుర్తులేదు. ఎక్కడ నొక్కాలో వేళ్లకి తెలుసు, ఎన్ని వందల ఫోన్లు బాగుచేసి ఇచ్చిన వేళ్లు. బ్లాకులోంచి తీశాను. తిరిగి కొట్టాను. మోగుతోంది, మోగుతోంది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ కొట్టాను. ఎత్తలేదు. హిందీ గొంతు. రెండుసార్లు. అంటే ఎవరో చెయ్యి తిప్పి చూశారు. ఎవరు? ఆసుపత్రివాళ్లా, పోలీసులా, జగ్గమ్మ కొడుకుని పూడ్చినవాళ్లలాంటి వాళ్లా? రెండుసార్లు చేసి, ఎత్తి కట్ చేశారని చూసి, ఈ శవానికి ఎవరూ లేరనుకుని వదిలేశారా? శవం అన్నాను. అన్నాను కదా. ఆ మాట మనసులోకి ఎలా వచ్చిందో, వచ్చినందుకు నన్ను నేనే చెంపలేసుకోవాలి. పోలమ్మ తల్లీ, నా నోట్లోంచి రాలేదు, బుర్రలోంచి వచ్చింది, లెక్కలోకి తీసుకోకు.

ఈవిణ్ణి అని ఏం లాభం? ఈ నంబరు ఈవిడ చేతికి రావడానికి కారణం నేను. ఆ సంగతి ఎవరికీ తెలియదు, బావకి కూడా. కంపెనీ పోయేటప్పుడు ఒక్కరోజులో పోలేదు. ముందు నరసింగరావు రావడం తగ్గింది. తరవాత కస్టమర్ కేరులో పాట వినిపించేది కానీ మనిషి వచ్చేది కాదు. టవరు దగ్గర జనరేటర్‌కి డీజిలు ఆగింది. కరెంటు పోతే సిగ్నలూ పోయేది. కాపలా ఉండే జోగయ్య తాళంచెవి మొలతాడుకి కట్టుకుని, "పైనోలు వస్తారు, అడుగుతారు" అని కూర్చునేవాడు. ఎవరూ రాలేదు, ఆ తాళంచెవి ఇప్పటికీ అడగలేదు. చివరికి వేరే కంపెనీకి మారిపొమ్మని టీవీలో చెప్పారు. అదే నంబరు ఉంచుకోవచ్చు, కానీ మిలాప్ సిగ్నల్ ఉండగానే మెసేజ్ పంపి కోడ్ తెప్పించుకోవాలి. మా పేటలో సిగ్నల్ చచ్చిపోయింది. నౌపడ ఉప్పుమడుల గట్టు మీద మాత్రం, దూరపు టవరుది, ఒక గీత కనిపించేది. ఎండలో, ఆ తెల్లటి మడుల మధ్య, పేటంతా గట్టు మీద వరసగా నిలబడి ఫోన్లు ఆకాశానికి ఎత్తారు. వాళ్లకి ఇంగ్లీషులో కొట్టడం రాదు. ఒక్కో ఫోనూ తీసుకుని నేనే కొట్టాను. ఎనభై నంబర్లు. ఎనభై మంది చేతుల మీద అంకెలు ఈ రోజుకీ పనిచేస్తున్నాయంటే నా వేళ్ల పుణ్యమే. గంగులు చేతి మీదది పనిచేస్తుంది. జోగయ్య కొడుకుది పనిచేస్తుంది. నా మొగుడిది ఒక్కటే పనిచెయ్యదు.

అందరిదీ అయ్యాక నా వంతు వచ్చేసరికి సిగ్నల్ పోయిందని చెప్పాను. పేటంతా నమ్మింది. పాపం రేఖ, అందరికీ చేసి తనది పోగొట్టుకుంది అన్నారు. బావ వెరావల్ నుంచి వచ్చి విని, నా తల మీద చెయ్యేసి, "నీలాటి పిచ్చిది ఉంతాదేటే" అన్నాడు. ఆ చెయ్యే, కుడి చెయ్యే. నేను తలొంచుకున్నాను. నిజం ఏమిటంటే, ఆ తరవాత ఇంకా రెండు రోజులు సిగ్నల్ ఉంది. రెండు రోజులూ నేనొక్కదాన్నే ఆ గట్టు మీదికి వెళ్లాను. మెసేజ్ కొట్టాను కూడా. పంపడానికి బొటనవేలు ఆడలేదు. బోర్డు నాది. కంపెనీ వాళ్లిచ్చిన పచ్చ చొక్కా నాది, జిల్లాలో మంచి అమ్మకందారని ఇచ్చిన గోడగడియారం నాది. అందరూ పోయినా కంపెనీ తిరిగి లేస్తే, ఒక్క రేఖ మాత్రం ఉండిపోయింది అనుకుంటారని ఏదో పిచ్చి పౌరుషం. ఎవరనుకుంటారు? ఢిల్లీలోనో బొంబాయిలోనో కూర్చున్నవాళ్లకి నేను ఉన్నానని తెలుసా? మూడో రోజు గీత పోయింది. ఒక గోడగడియారం మొహం చూసి మొగుడి చేతి మీది నంబరు చంపుకున్నాను. ఎంత పొగరు, ఎంత తెలివితక్కువతనం. ఆ మాట బావకి చెప్పాలని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. చెప్పడానికి ఎప్పుడూ టైము ఉంటుందనుకున్నాను.

కొత్త సిమ్ము తీసుకున్నాక, కొత్త నంబరు కూడా పొడిపించుకోమని బావతో పోరాను. "నా సెయ్యి పలకేటే, రాసుకుంతూ సెరుపుకుంతూ ఉండడానికి?" అన్నాడు. పోనీ ఎడం చేతికి అన్నాను. వద్దన్నాడు. నా కొత్త నంబరు అతని ఫోనులో "ఇల్లు" అని ఉంది, నొక్కితే నేను వస్తాను, అది చాలన్నాడు. పాత నంబరుకి నేను మధ్యమధ్యలో కొట్టి చూసేదాన్ని. ఇది వాడుకలో లేదని రెండేళ్లపాటు చెప్పింది. ఒక రోజు మోగింది. నాకు చచ్చినవాళ్లు లేచొచ్చినట్టయింది. ఎత్తింది ఈవిడ. మొదట కసిరింది. నా పాత బేరగాళ్లు ఇంకా రీఛార్జీ కోసం ఈవిడకే చేస్తుంటే, "మీ పేటలో నాకు తెలీని మనిషి లేడమ్మా ఇప్పుడు" అని నాకు చేసి నవ్వేది. పండగలకి పలకరించుకునేవాళ్లం. ఆ సంగతి చెబితే బావ, "నా సేతి మీద ఇజయనగరం కుట్టమ్మ ఉన్నాదన్నమాట" అని పేటంతా చెప్పుకుని నవ్వాడు. అంత తేలిగ్గా తీసుకున్నాం. ఇద్దరం నవ్వాం.

మిషను ఆగింది. కుసుమకుమారి గారు లేచి వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. మోకాళ్లు పట్టేస్తాయని కింద కూర్చోనని ఇందాకే చెప్పిన మనిషి. వీధిలో ఆటో పోయింది. గడియారం అయిదుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఒళ్లో నా ఫోను నల్లగా ఉంది. నువ్వు మోగు, నీకు దండం పెడతాను, నువ్వు మోగు.

బల్ల మీదది మోగింది.

తెర మీద పడిన నంబరులో మొదటి అంకెలు మన వైపువి కావు. పొద్దుటి నంబరూ కాదు. కుసుమకుమారి గారు తీసి, నా మొహం చూసి, నా చేతిలో పెట్టింది. ఎత్తకపోతే ఏమీ జరగనట్టే ఉంటుంది కదా అనిపించింది. ఎత్తకుండా ఉంటే బావ ఇంకా బోటు మీదే ఉంటాడు. నాలుగోసారి మోగుతుండగా నొక్కి చెవికి ఆనించాను. గాలి, ఐసు దంచే చప్పుడు, ఎవరివో కేకలు. రేవు. నేను కూలబడడానికి సిద్ధంగా గోడకి చేరబడ్డాను.

"అమ్మా, కట్ సెయ్యకమ్మా, ఒక్క నిమసం. తెలుగే, తెలుగోణ్ణే. పొద్దున్న హిందీ ఆయన ఫోనడిగితే నా సేతికియ్యకుండా ఆయనే మాటాడినాడు, మీరు కట్ సేసేసినారు. ఈ నంబరు మీదని నాకు తెలుసమ్మా. మునుపు మా ఆడదానిది. దాని కొత్త నంబరు నాకు నోటికి రాదు. ఫోను సముద్రంలో పోనాది. నా సేతి మీద ఇదొక్కటే ఉన్నాది. అది మీకు అప్పుడప్పుడు ఫోన్ సేస్తాది గదా, దాని నంబరు మీకాడ ఉంతాది. రేఖ. లక్ష్ముడు బాగున్నాడని సెప్పండమ్మా. ముగ్గురుమూ బాగున్నాం, ఏరే బోటోలు ఎత్తుకొచ్చి ఇక్కడ దింపినారు. అది మంచిదమ్మా, అందరి నంబర్లూ కాపాడి దానిది పోగొట్టుకున్నాది, అందుకే ఇన్ని అవస్తలు. వింతన్నారా అమ్మా? కట్ సెయ్యకమ్మా..."

కుసుమకుమారి గారు నా భుజం పట్టుకుని ఊపుతోంది, "ఏటి, ఏటంతన్నారు" అని. చచ్చాడనుకున్న నా మొగుడు ఎవరో కుట్టమ్మని పట్టుకుని నా గురించి బతిమాలుకుంటున్నాడు. మనిషి బాగుంటే మనిషే చేస్తాడన్నారు. ఏ నంబరుకి చేస్తాడో పేటలో ఎవరూ ఆలోచించలేదు.

"బావా" అన్నాను.

"నువ్వేటే?" అన్నాడు. "అక్కడేటి సేస్తన్నావు?"

"కొత్త నంబరు నేర్సుకోమని ఎన్నిపాళ్లు సెప్పినాను నీకు? ఎన్నిపాళ్లు?" అని అరిచాను, ఆ ఇల్లు ఎగిరిపోయేలా. తరవాత ఏడ్చాను. అతను నవ్వాడో, ఏడ్చాడో, గాలిలో తెలియలేదు. ఫోను ఇచ్చినాయన తిరిగి అడిగేస్తున్నాడు, మళ్లీ చెయ్యాలంటే ఇంకెవరి ఫోనో దొరకాలి, తొందరగా నీ నంబరు చెప్పు, రాసుకుంటాను అన్నాడు.

"దేని మీద రాస్తావు?"

"ఎడం సెయ్యి కాళీగానే ఉన్నాదే. సెప్పు."

ఉప్పుమడుల గట్టు సంగతి అప్పుడే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. అది ఎదురుగా కూర్చుని, ఆ కుడి చెయ్యి నా చేతుల్లోకి తీసుకుని చెప్పుకోవాల్సిన మాట. ముందు నంబరు చెప్పడం మొదలుపెట్టాను. తొమ్మిది అన్నాను. తొమ్మిది, అన్నాడు. నాలుగు. నాలుగు, అన్నాడు. ఒక్కో అంకెకీ ఆగి, అతను తిరిగి అనేదాకా చూసి, పదీ చెప్పాను. మళ్లీ మొదట్నుంచి చెప్పమన్నాను.